గంటకి ఎన్ని మిల్లీమీటర్లు

రక్తపరీక్షల గది, రెండో అంతస్తు
జూన్ 2

భూమండలాన్ని బారలతో కొలిచే మా అక్కగారి సముఖానికి, మూత్రం సీసాల నడుమ కొలువుదీరిన ఏకైక తమ్ముడు వంగి, నడుం పట్టేసి, లేవలేక అలాగే ఉండి రాసుకున్న విన్నపం.

అక్కా, నీ మూడు నెలల రిపోర్టులూ బావ పంపాడు. ఈఎస్‌ఆర్ ముప్పై, నలభై ఒకటి, అరవై రెండు. నీ జీతం ఇలా పెరిగుంటే బావ ఈపాటికి లిఫ్టులు బాగుచేయడం మానేసి, వాటిలో కిందికీ పైకీ ఊరికే తిరుగుతుండేవాడు.

మూడేళ్లుగా నీకు తెలిసిన సంగతే అయినా, నా వృత్తి గౌరవం కోసం మళ్లీ చెబుతాను. సన్నటి గాజుగొట్టంలో రక్తం నింపి, నిటారుగా నిలబెట్టి, గంటసేపు దాని జోలికి పోకుండా కూర్చుంటాం. ఎర్రకణాలు అడుగుకి దిగుతాయి. పైన ఎన్ని మిల్లీమీటర్ల పసుపు నీరు తేలితే అదే అంకె. ఒంట్లో లోపల వాపూ మంటా ఉంటే కణాలు దబదబా పడతాయి. లేకపోతే ఆఫీసుకి ఆలస్యమైనా మెట్లు నింపాదిగా దిగే గుమాస్తాల్లా దిగుతాయి. ఇరవై దరిదాపుల్లో ఉంటే నీ లూపస్ నిద్రపోతున్నట్టు. అరవై రెండంటే ఒంటి కాపలాదార్లు దొంగల్ని వదిలేసి ఇంటివాళ్లని కొట్టడం మళ్లీ మొదలెట్టారని అర్థం.

అయితే ఆ అంకె నేను నమ్మను. మీ ఊళ్లో ఆ ల్యాబాయన గొట్టాల స్టాండు ఎక్కడ పెడతాడో తెలుసా? ఫ్రిజ్ మీద! అది తాతల నాటి ఫ్రిజ్. మోటారు తిరిగినప్పుడల్లా దానికి చలిజ్వరం. స్టాండు వణికితే కణాలు గబగబా జారతాయి, అంకె లేస్తుంది. నువ్వు చదువుతున్నది నీ రోగం కాదు, ఫ్రిజ్ రోగం. ఆయనకి ఫ్రిజ్జేశ్వరుడని బిరుదు ప్రదానం చేస్తున్నాను.

అందుచేత ఇకమీదట నీ రక్తం నా చేతికే రావాలని ఆజ్ఞ. ఎనిమిదింటి బస్సు నడిపే మీసాలాయనతో నీలం డబ్బా పంపుతున్నాను. నెలకోసారి పొద్దున ఏడింటికి మీ ఆఫీసు పక్క డిస్పెన్సరీలో నర్సమ్మ చేత ఒక ట్యూబు తీయించి, డబ్బాలో పెట్టి ఆయనకివ్వు. మూడింటికల్లా ఇక్కడుంటుంది. చుట్టూ ఐసు ముక్కలు వెయ్యి. ఎందుకంటావా? రాచరక్తం, ప్రయాణంలో చెమట పట్టకూడదు.

ట్యూబుతోపాటు ఉత్తరం కూడా పెట్టు. ఫోనుందిగా అంటావు. ఫోన్లో నువ్వు ‘బాగానే ఉన్నాన్రా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తావు. కాగితం మీద నీకు అబద్ధం చేతకాదు.

ఇట్లు, రక్తపిపాసి.


సర్వే ఆఫీసు, పటాల గది
జూన్ 9

ఒరే కోతీ,

నీ ఫ్రిజ్ కథ చదివి నవ్వితే పక్కబల్ల దగ్గర, కొలత గొలుసు పట్టే ముసలి చైన్‌మాన్ ‘ఏమ్మా, ట్రాన్స్‌ఫర్ వచ్చిందా?’ అన్నాడు. ఇంక ఆ ల్యాబుకి వెళ్లన్లే. ఇదిగో డబ్బా, ఇదిగో రాచరక్తం, ఇవిగో డిస్పెన్సరీ ఐసు ముక్కలు.

ఈ గదిలో నేను కూర్చోబట్టి ఏడాదిన్నర. కిటికీలకి మూడు పొరల తెర కట్టించారు, ఎండ పడితే నాకు ముఖం మీద ఎర్రమచ్చ సీతాకోకచిలుకలా రెక్కలు విచ్చుకుంటుందని. నేను నడిచిన నేలని ఇంకొకళ్లు కొలుచుకొస్తే దాన్ని గీయడం నా పని. గీత గీస్తుంటే తెలిసిపోతుంది, ఫలానా మలుపులో వాడు బద్ధకించి రెండడుగులు తక్కువేశాడని. చెబితే ‘కూర్చున్న చోటినుంచి అలాగే కనిపిస్తుందమ్మా’ అంటారు.

సెప్టెంబర్లో కొత్త కాలువ సర్వే మొదలవుతుంది. పెద్ద సారు పిలిచి, ‘ఈఎస్‌ఆర్ ముప్పై లోపు చూపించు, జట్టు నీకే అప్పగిస్తాను. పొద్దున్నే మొదలెట్టి ఎండెక్కేలోగా వచ్చేద్దువు గాని’ అన్నాడు. బయట నలుగురున్నారు కాబట్టి గంతులేయలేదు.

అరవై రెండు చూసి డాక్టరమ్మ స్టెరాయిడ్ మాత్రలు పెంచింది. నెల తర్వాత మూత్రం పరీక్షా, సీ3, సీ4 అనే రెండు రక్తపరీక్షలూ చేయించుకుని రమ్మంది. ముఖం అప్పుడే బంతిలా ఉబ్బింది. నీ బావ చూసి ‘కళ వచ్చింది’ అన్నాడు. ఆయనకి ఆ రోజు అన్నం నేను వడ్డించలేదు.

ముప్పై లోపు రావాలి. చూసి చెప్పు.

అక్క


రక్తపరీక్షల గది
జూన్ 10

రాచరక్తధారిణికి,

ఈఎస్‌ఆర్ యాభై నాలుగు. చూశావా? ఆ మిగతా ఎనిమిదీ ఫ్రిజ్‌వి. అయినా యాభై నాలుగూ తక్కువేం కాదు, కాబట్టి డాక్టరమ్మ మాత్రలు మింగు. ఇంకో శుభవార్త, సీఆర్‌పీ అని మరో పరీక్ష కూడా చేశాను. మంట ఉంటే అదీ లేవాలి. నాలుగే వచ్చింది, అంటే బంగారం. ఇకనుంచి రెండూ చూస్తాను. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే ఏ కోర్టైనా ఒప్పుకోవాలి.

నీ ట్యూబు రిజిస్టరుకి ఎక్కదు. రిజిస్టరులో ‘రక్తం తీసిన సమయం’ అని ఒక గడి ఉంటుంది. అది చూసి మా ల్యాబు పెద్దాయన సవాలక్ష ప్రశ్నలేస్తాడు. అందుకని ట్యూబు మీద ‘అక్క’ అని రాసి ఫ్రిజ్‌లో ఉంచమని కౌంటరావిడకి చెప్పాను. డబ్బా విప్పేది ఆవిడే. ఆరింటికి అందరి పనీ అయ్యాక నీ గొట్టం పెడతాను. ఆ గంటా గది నిశ్శబ్దంగా ఉంటుంది. నువ్వు మిల్లీమీటరు మిల్లీమీటరుగా దిగుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తాను. చిన్నప్పుడు నువ్వు గోడ దిగుతుంటే కింద నిలబడి కాపలా కాసినట్టే.

ఒక ఫిర్యాదు. ఐసు కరిగి నీ ఉత్తరం తడిసి ముద్దయింది. రెండో పేజీ అంతా నీలి మబ్బు. బావకి ఆ రోజు అన్నం ఎవరు వడ్డించారో తెలుసుకోవడానికి దీపం ముందు పెట్టి అరగంట చదివాను. ట్యూబు ఏమైపోయినా పర్లేదు, ఉత్తరం మాత్రం పొడిగా రావాలి. ఏం చేస్తావో నాకు తెలియదు.

ఇట్లు, తడిసిన తమ్ముడు.


సర్వే ఆఫీసు
జూలై 11

ఒరే తడిసినవాడా,

ఈసారి ఉత్తరం పొడిగా రాకపోతే అడుగు, పూచీ నాది.

మాత్రలు పనిచేస్తున్నట్టే ఉంది. వేళ్ల కీళ్లు వదులయ్యాయి, పెన్సిలు పట్టుకుంటే ఏడుపు రావడం లేదు. నిన్న ఆఫీసు ఖాళీ అయ్యాక బీరువాలోంచి పాత లెవెల్ మిషను తీసి, ముక్కాలి స్టాండు మీద బిగించి, వాలు లేదని చూపే గాలిబుడగని మధ్యకి తెచ్చాను. చేతులు మర్చిపోలేదు. చైన్‌మాన్ మాత్రం తలుపు దగ్గరే నిలబడి, ‘ఎవరికీ చెప్పన్లేమ్మా, ఇంకాసేపు ఆడుకో’ అన్నాడు.

ఇరవై తొమ్మిదైనా చాలు.

అక్క


రక్తపరీక్షల గది
జూలై 12

జయహో! దండోరా! ఇరవై ఆరు!

రెండుసార్లు చూశాను. మూడోసారి స్టాండు పక్కన నేలమీద పడుకుని చూశాను. ఇరవై ఆరే. సీఆర్‌పీ మూడు. సాక్షులిద్దరూ ఏకగ్రీవం. ఈ ఉత్తరంతో పాటున్న చీటీ మీద అంకె వేసి సంతకం చేశాను, పెద్ద సారు ముఖాన అతికించు.

ఉత్తరం కూడా ఎండుటాకులా వచ్చింది. నువ్వు దేవతవి.

ఇట్లు, నేలమీంచి లేచిన తమ్ముడు.


ఇల్లు, వంటగది బల్ల
ఆగస్టు 14

కోతీ,

చీటీ చూసి సారు ‘మీ తమ్ముడి సంతకం డాక్టర్ల సంతకంలా ఉందే, ఒక్క అక్షరం అర్థం కాదు’ అన్నాడు. జట్టు నాకిచ్చాడు! వచ్చే నెల ఒకటి నుంచి. ఆరుగురు మనుషులు, రెండు మిషన్లు, ఒక జీపు. నీ బావ టోపీ కొనుక్కొచ్చాడు, దాని అంచు కింద మా జట్టంతా వానకి తలదాచుకోవచ్చు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. సంతోషించి మాత్రలు సగానికి తగ్గించింది. ముఖం మళ్లీ ముఖంలా అవుతోంది.

కొంచెం అలసటగా ఉంటోంది, ఎండలే. చెప్పులు బిగుతైపోయాయి, నీ బావవి వేసుకు తిరుగుతున్నాను. ఆయన నా చెప్పులు చూసి దిగులుగా కూర్చున్నాడు.

అక్క


రక్తపరీక్షల గది
ఆగస్టు 15

జట్టునాయకురాలికి,

ఈఎస్‌ఆర్ పదిహేడు. నాకంటే తక్కువ! నాది నిన్న సరదాగా చూసుకుంటే పంతొమ్మిది. ఇక నువ్వే నాకు పళ్లు పట్టుకుని పరామర్శకి రావాలి. సీఆర్‌పీ నాలుగు. అధికారం వస్తే పాదాలు పెరుగుతాయని ఎక్కడో విన్నాను, బావకి ఇంకో జత కొనిపెట్టు.

ఒక చిన్న మాట. నీ గొట్టం ముందు పడిగాపులు కాస్తుంటే మా పెద్దాయన కళ్లద్దాలు మర్చిపోయి వెనక్కొచ్చాడు. ‘ఎవరిదోయ్?’ అన్నాడు. చెప్పాను. ‘లూపస్‌కి ఈ రెండే చూసి మురిసిపోకు. మూత్రం చూశారా? సీ3, సీ4 చూశారా?’ అని వెళ్లిపోయాడు. పెళ్లికెళ్లినా లోపాలే వెతికే మనిషి. అయినా అడుగుతున్నాను, అవి చూపించావు కదా?

ఇట్లు, పంతొమ్మిది.


ఇల్లు
సెప్టెంబర్ 12

పంతొమ్మిదీ,

చూపించాను. అన్నీ బాగున్నాయట. మీ పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు.

కాలువ పని మొదలైంది. ఇవాళ సెలవు గానీ, రోజూ ఆరింటికల్లా గట్టు మీదుంటాం. తొమ్మిదికి వచ్చేయమన్నారు. కానీ సగం కొలత నడి దారిలో వదిలి ఎలా వస్తాం? పదకొండవుతోంది. మొదలుపెట్టిన రాయి దగ్గరికే చుట్టి తిరిగొచ్చి, మొదటి అంకెతో సరిపోలిందని చూసుకుంటేనే మా పని ముగిసినట్టు. తేడా వచ్చిందంటే దారిలో ఎక్కడో తప్పు చేశామన్నమాట, మళ్లీ నడవాలి. నిన్న నా తేడా మూడు మిల్లీమీటర్లు! అందరూ చప్పట్లు కొట్టారు. నేను అవతలికి వెళ్లి కాసేపు కూర్చున్నాను, కళ్లు తిరిగాయి. సంతోషం.

అక్క


రక్తపరీక్షల గది
సెప్టెంబర్ 13

పదహారు. సీఆర్‌పీ నాలుగు. ఇంక రాయడానికేముంది, గట్టు మీద నిలబడి నాకు దండం పెట్టుకో. టోపీ తీయకు.

తమ్ముడు


ఇల్లు, ముందు గది
అక్టోబర్ 10

కోతీ,

ఈ ఉత్తరం పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వాలితే తప్పు నాది కాదు.

మూడు రోజులుగా పనికెళ్లలేదు. ముఖం ఉబ్బింది, మాత్రల ఉబ్బు కాదు, పొద్దున కళ్లు తెరుచుకోనంత. కాళ్లు నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. నీ బావ గొడవపెట్టి నిన్న ఫ్రిజ్జేశ్వరుడి దగ్గరికి లాక్కెళ్లాడు. ఆయన ఎంత రాసిచ్చాడో తెలుసా? తొంభై ఆరు! ఫ్రిజ్‌కి పూనకం వచ్చుంటుంది. ‘వెంటనే మీ డాక్టర్ని కలవండమ్మా’ అని రెండుసార్లు చెప్పాడు. నీ బావ భయపడిపోయాడు. నేను నీ పదహారు చీటీ చూపించి ఊరుకోబెట్టాను. నా తమ్ముడు చూసి చెప్పనీ, అప్పుడు వెళదాం అన్నాను.

రక్తం పంపుతున్నాను, నర్సమ్మ ఇంటికొచ్చి తీసింది. పాపం ఆవిడ ఐసు తెచ్చింది. ‘వద్దండీ, జూలై నుంచి ఐసు మానేశాం, ఉత్తరం తడిసిపోతోందని మావాడు గోలపెట్టాడు’ అంటే నవ్వింది. నీ వల్ల ఊరంతా నవ్వుతోంది.

గట్టు మీద కొలత గుర్తుకి కట్టిన జెండాలు గాలికి పడిపోతాయేమో. త్వరగా అంకె చెప్పు.

అక్క


బస్టాండు
అక్టోబర్ 10

అక్కా,

సాయంత్రం బస్సు పక్కన నిలబడి రాస్తున్నాను. నువ్వు ఫోనెత్తలేదు. బావ ఏదో లిఫ్టు గోతిలో ఉన్నాడట, దొరకలేదు. ఇది మీసాలాయన చేతికే ఇచ్చి, ఇంటికెళ్లి ఇవ్వమని కాళ్లు పట్టుకున్నాను.

ట్యూబు పరీక్ష చేయలేదు. పారబోశాను. తొంభై ఆరు నిజం. నా ఇరవై ఆరు, పదిహేడు, పదహారు అబద్ధం. ఈ చీటీ అందగానే ఆస్పత్రికి వెళ్లు. తొంభై ఆరు కాగితం తీసుకెళ్లు, నావి తీసుకెళ్లకు. మూత్రం ముందు చూడమను.

ల్యాబు తాళం పెద్దాయనకి అప్పగించి నేను తర్వాతి బస్సుకి వస్తున్నాను.

తమ్ముడు


ఆస్పత్రి, ఆడవాళ్ల వార్డు, కిటికీ లేని వైపు మంచం
నవంబర్ 6

ఒరే,

నువ్వు పదిరోజులు మంచం పక్కన కూర్చుని ఒక్క జోకు కూడా వేయలేదు. నర్సులు నిన్ను మా పెద్దన్న అనుకున్నారు. నేనేమైనా మొదలుపెడితే లేచి నీళ్లు తేవడానికి వెళ్లేవాడివి. ఈ వార్డులో నువ్వు తెచ్చిన నీళ్లతో మా కాలువ నింపొచ్చు. అందుకే నువ్వెళ్లాక రాస్తున్నాను.

కిడ్నీలోంచి సూదితో తీసిన ముక్క రిపోర్టు వచ్చింది. లూపస్ రెండిటినీ పట్టుకుంది. చాలా నెలలుగానట. మూత్రంలో రోజుకి నాలుగు గ్రాముల ప్రోటీన్ పోతోంది. లూపస్ రాజుకుంటే పడిపోయే సీ3, సీ4 అడుగంటాయి. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం కడుగుతున్నారు. తిరిగి పనిచేస్తాయో లేదో రెండు నెలలు చూసి చెబుతామన్నారు.

డాక్టరమ్మని నీ రెండో సాక్షి గురించి అడిగాను. సీఆర్‌పీ నాలుగే ఉందిగా అని. లూపస్ ఎంత రాజుకున్నా అది చాలామందిలో పెద్దగా లేవదట. క్రిములు పడితే లేస్తుందట. అందుకే అది తక్కువుందని ధైర్యపడకూడదంది. నీ సాక్షి అబద్ధమాడలేదురా. వాడు ఆ ఇంటి సాక్షే కాదు.

ఇప్పుడు నా వంతు. కాగితం మీద నాకు అబద్ధం చేతకాదన్నావు. బాగానే వచ్చింది. జూన్ తర్వాత నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు. మాత్రలు సగానికి తగ్గించింది నేనే. నీ పదిహేడు వచ్చాక దాన్లో సగం. మూత్రం చూపించానన్నది అబద్ధం. ఆగస్టు నుంచి నురగ వస్తోంది, సబ్బు నీళ్లలా. వెళితే ఎండలోకి వద్దంటుంది, జట్టు పోతుంది. పదిహేడు చేతిలో ఉండగా నురగ సంగతి ఎందుకని ఊరుకున్నాను. ఆవిణ్ణి ఏమీ అనకు. ఆవిడ ఈ నాలుగు నెలలూ నన్ను చూడనే లేదు.

కాలువ ఇంకొకళ్లకి ఇచ్చారు. ఆ పటం కూడా నేనే గీయాలేమో.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఐసు లేకపోతే అంత తేడా వస్తుందా?

అక్క


రక్తపరీక్షల గది
నవంబర్ 30

అక్కా,

నాలుగు ఉత్తరాలు రాసి చించాను. ఇది ఐదోది.

వస్తుంది. ఎర్రకణాలు పళ్లేల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఆ బరువుతో పడతాయి. వేడిలో గంటలకొద్దీ ఉంటే ఉబ్బి బంతుల్లా అవుతాయి, దొంతర కట్టవు. ఇక మెల్లగా దిగుతాయి. ఐసు లేకపోతే నాలుగు గంటల్లో పరీక్ష చేసేయాలి. నీ రక్తం ఏడు గంటలు ఇంజను పక్కన కూర్చుని వచ్చింది. కౌంటరావిడ తీసి ఫ్రిజ్‌లో పెట్టేది. ఆరింటికి నా చేతికొచ్చేసరికి చల్లగా ఉండేది. చల్లగానే వచ్చిందనుకున్నాను. రిజిస్టరుకి ఎక్కించి ఉంటే పెద్దాయన సమయం చూసేవాడు, డబ్బా ఎలా వచ్చిందని అడిగేవాడు. నేను అక్క అని రాసి ఫ్రిజ్‌లో పెట్టమన్నాను.

ఐసు ఎందుకో నీకు చెప్పి ఉండాల్సింది. కారణం ఒక్క వాక్యం. దాని బదులు చెమట జోకు రాశాను. ట్యూబు ఏమైపోయినా పర్లేదు అని కూడా రాశాను. ఉత్తరాన్ని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టమంటే సరిపోయేది అక్కా. ఒక్క కవరు.

ఇంతవరకే అయితే మొదటి ఉత్తరమే పోస్టు చేసేవాణ్ణి. నాలుగూ చించింది ఇందుకు.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజు, బస్సుకి గంట టైముంటే, ఆ ల్యాబుకి వెళ్లాను. మొదటిసారి. అవును, మొదటిసారి. స్టాండు నల్లరాతి బల్ల మీద ఉంది. బల్లని గోడలోకి కట్టించాడు. స్టాండు పక్కన లెవెల్ చూసే బుడగ. ఫ్రిజ్ వేరే గదిలో ఉంది, కొత్తది, చప్పుడే లేదు. ఆయన నన్ను చూసి ‘ఎవరి రిపోర్టు బాబూ?’ అన్నాడు. ఎవరిదీ కాదన్నాను.

ఆ ఫ్రిజ్ నేను కల్పించాను. అరవై రెండు చూసి నువ్వు బెంగపడి ఉంటావని, నవ్వుతావని. ఒక్క నవ్వు కోసం నిన్ను నిజం చెప్పే గొట్టం దగ్గర్నుంచి లాక్కొచ్చాను.

మనిద్దరిదీ ఒకే గ్రూపు రక్తం. నా కిడ్నీ తీసుకో. ఇది జోకు కాదు.

తమ్ముడు


డయాలసిస్ గది, మూడో కుర్చీ
డిసెంబర్ 19

ఒరే కోతీ,

ఉత్తరం పోస్టులో పొడిగా వచ్చింది. ఇక్కడ నాలుగు గంటలు చెయ్యి కదపకూడదు, అందుకని ఎడమచేత్తో పట్టుకుని మూడుసార్లు చదివాను. జవాబు మాత్రం ఇంటికెళ్లాక మొదలుపెట్టి, మళ్లీ ఇక్కడికి తెచ్చి, నర్సు కసురుతుంటే పూర్తిచేస్తున్నాను.

నిన్న డాక్టరమ్మ చెప్పేసింది. రెండు కిడ్నీలూ ఇక తిరిగి రావు. నీ బావ బయటికెళ్లి ఆస్పత్రి లిఫ్టు తలుపు ఎందుకు ఆలస్యంగా మూసుకుంటోందో చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి బాగుచేసి కూడా వచ్చాడు.

నీ కిడ్నీ సంగతి అడిగాను. ముందు లూపస్ చల్లారాలట. కనీసం ఆరు నెలలు అన్ని అంకెలూ అణిగి ఉండాలి. లేకపోతే నీదీ తినేస్తుంది. అప్పటిదాకా దాన్ని జాగ్రత్తగా చూసుకో. నీళ్లు తాగు.

ఇక ఆ ఫ్రిజ్.

మూడేళ్లు నేను ఆ ల్యాబులోనే రక్తం ఇచ్చానురా. కిటికీ అద్దంలోంచి బల్ల కనబడుతుంది. నేను సర్వేయర్ని, ఏ గదిలో అడుగుపెట్టినా ముందు నేల వాలు చూస్తాను. ఆయన బుడగ మధ్యలో ఉండటం ఎన్నిసార్లు చూశానో. ఒకసారి నేనే మెచ్చుకున్నాను, ఆయన సిగ్గుపడ్డాడు. బల్ల రాతిదని, ఫ్రిజ్ అవతల గదిలో ఉందని నీ మొదటి ఉత్తరం విప్పేనాటికే నాకు తెలుసు.

చదివి నవ్వాను. నవ్వాక అరవై రెండు కాస్త చిన్నదైనట్టనిపించింది. ఇంకోసారి చదివితే ఇంకా చిన్నదైంది. ఆయన తొంభై ఆరు చేతిలో పెట్టినప్పుడు నేను ఆయన కళ్లలోకి చూడలేదు. అప్పుడు నాకు ఆ ఫ్రిజ్ కావాలి. కాలువ గట్టు మీదికి వెళ్లడానికి అంతకంటే దగ్గర దారి లేదు. నువ్వు కల్పించావు, నేను దాన్ని ప్లగ్గులో పెట్టి నాలుగు నెలలు నడిపాను. కాబట్టి అది పూర్తిగా నీదని రాసుకోకు. నా వాటా వదలను.

నీలం డబ్బా నా దగ్గరే ఉంచుకుంటున్నాను, మాత్రలు పెట్టుకోవడానికి సరిపోయింది. నువ్వు మాత్రం పోస్టులో రాయి. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు, పైకప్పు మీద పద్దెనిమిది పలకలు, అన్నీ కొలిచేశాను. రెండు పేజీలకి తక్కువ రాస్తే బస్సెక్కి వచ్చి తంతాను. జోకులు వెయ్యి. అంకెలు మాత్రం వెయ్యకు.

సోమవారం ఆయన దగ్గరికే వెళ్లి రక్తం ఇచ్చాను. గంటయ్యాక రమ్మన్నాడు. వెళ్లలేదు, కిటికీ దగ్గరే స్టూలు వేసుకుని గొట్టంలో దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఎనభై మూడు. బుడగ మధ్యలోనే ఉంది.

అక్క